వేణునాదము - విరహవేదన

ఆప్తవియోగము కొందఱిని క్రుంగదీయుచున్నది. మఱికొందఱికి సాధనగా పరిణమించుచున్నది. ఈ భేదమునకు కారణమేమి? పారసీక కవియగు జలాలుద్దీన్ రూమీ జీవితము నిందుకు దృష్టాంతముగా పరిశీలింపవచ్చును.

1207వ సంవత్సరమున జన్మించిన రూమీ, నేటి తుర్కీ దేశమందలి కోన్యా నగరమున మతాచార్యుడై శిష్యులకు బోధించుచుండెను. 1244లో తబ్రీజు నగరవాసియగు షమ్స్ అను పరివ్రాజకు డచటికి వచ్చెను. ఆ సాంగత్యము రూమీ జీవితమును సమూలముగా మార్చివైచినది. కాని కొలది సంవత్సరములకే షమ్స్ అదృశ్యుడయ్యెను. రూమీ డమాస్కసు వఱకును పోయి వెదకెను, అతడు కానరాలేదు.

ప్రియమైనవానిని కోల్పోయిన మనస్సు ఏమి చేయును? మనోవిశ్లేషణ శాస్త్రమునకు మూలపురుషుడగు ఫ్రాయిడ్ 1917లో ప్రకటించిన యొక వ్యాసమున రెండు స్థితులను వివరించెను. మొదటిది శోకము. ఇందు మనస్సు తన ప్రేమను ఒక్కొక్క జ్ఞాపకమునుండి మెల్లమెల్లగా విడదీసికొని, తుదకు తేఱుకొనును. రెండవది విషాదవ్యాధి. ఇందు మనస్సు పోయినవానిని విడువజాలక తనలోనికి చేర్చుకొని, అతనిపైగల కినుకను తనపైకే త్రిప్పుకొని, ఆత్మనిందచే కృశించును.

రూమీయు షమ్సును తనలోనికే చేర్చుకొనెను. తన గీతములలో పెక్కింటి చివర స్వనామమునకు మాఱుగా షమ్స్ నామమునే నిలిపెను. పైచూపునకు ఇది రెండవ స్థితివలె తోచును. కాని ఫలము వేఱు. డమాస్కసులో లభింపని షమ్సును తండ్రి తనయందే కనుగొనెనని కుమారుడు సుల్తాన్ వలద్ వ్రాసియున్నాడు. ఆ ప్రేమ ఎండిపోలేదు. సలాహుద్దీన్ అను స్వర్ణకారునియందును, పిమ్మట హుసాముద్దీన్ అను శిష్యునియందును ప్రసరించినది. ఈ శిష్యుని ప్రార్థనపైననే ఆఱు సంపుటముల మస్నవీ వెలువడినది.

ఆ గ్రంథము రెల్లువేణువు మొఱతో ఆరంభమగును. పొదనుండి కోయబడినందుననే రెల్లునకు నాదము కలిగినది. ఫ్రాయిడ్ మతమున మనస్సు తేఱుకొనుటకు ప్రేమ వెనుకకు మఱలవలెను. రూమీ మార్గమున ప్రేమ మఱలక విస్తరించును. మానవవియోగము అంతకుముందే జరిగిన భగవద్వియోగమును గుర్తునకు తెచ్చును. శాస్త్రము గాయముయొక్క స్వరూపమును చూపుచున్నది. కవి ఆ వేదన ఎవరిని పిలుచుచున్నదో చెప్పుచున్నాడు.

ఇందువలన బాధయే పూజ్యమని భావింపరాదు. ఇతరులను బాధించుటకు గాని, తన్ను తాను హింసించుకొనుటకు గాని ఇది సమర్థనము కాదు. దుఃఖము వచ్చినప్పుడు దానిని అణచిపెట్టక, ఆత్మనిందగా మార్చుకొనక, అందలి ప్రేమను గుర్తించి దానిని పెంపొందించుకొనుటయే సాధకుని కర్తవ్యము.

రూమీ 1273 డిసెంబరు 17వ తేదీన దేహము చాలించెను. అనుయాయులు ఆ రాత్రిని నేటికిని వివాహరాత్రి యనియే పిలుచుచున్నారు. కోయబడిన రెల్లు తన పొదను చేరిన దినమది.