ముందు మూడు కుప్పలు పెట్టు

ఖమ్మం

చిరంజీవి అల్లుడికి,

నువ్వు ఫోన్లో పంపిన మూడు మిషన్ల బొమ్మలూ చూశాను. మీ అత్తయ్యకు కూడా చూపించాను. "ఎర్రది బాగుంది" అంది. కొట్టువాడికి కావలసిందీ అదే, మనం రంగు దగ్గరే ఆగిపోవడం.

నిరుడు ఎండాకాలం నువ్వు దొడ్లో కొమ్మలకు నిప్పు పెడితే గాలి తిరిగి మంట కంచె దాటిపోయిన సంగతి నేను మరిచిపోలేదు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చినా మంట ఎటు పాకుతుందో తెలియని అడవి మీ గుమ్మం ముందే ఉంది. అందుకే కొమ్మల్ని ముక్కలు చేసే మిషన్ కొంటానంటే నేను కాదనను. కాకపోతే నువ్వు మిషన్లను చూస్తున్నావు గానీ కొమ్మల్ని చూడడం లేదు.

ఈసారి మామిడికాయ దింపడం అయ్యాక కొమ్మలు కత్తిరిస్తావు కదా, అప్పుడు అన్నీ ఒకేచోట వేయకు. మూడు కుప్పలు పెట్టు. మణికట్టు కన్నా లావుగా ఉన్నవి ఒకవైపు, బొటనవేలి లావు నుంచి మణికట్టు దాకా ఉన్నవి ఇంకోవైపు, ఆకులూ పుల్లలూ వేరే. మొదటి కుప్పకు మిషన్‌తో పనిలేదు. ఎండితే పొయ్యిలోకి పోతుంది. నీ పొయ్యి గ్యాసుదైతే మీ వీధిలో ఎవరో ఒకరు అడక్కుండానే మోసుకుపోతారు. మూడోది పాదుల్లో వేస్తే వానలకు దానంతట అదే చివికిపోతుంది. ఎవరికీ అక్కర్లేనిది నడిమి కుప్ప ఒక్కటే, మిషన్ కొనేది దానికోసం. నాలుగంగుళాల మొద్దును మింగుతుందని చెప్పి పెద్దది అంటగట్టాలని చూస్తారు. ఆ నాలుగంగుళాల మొద్దు నీ దొడ్లో ఎప్పుడూ పొయ్యి దారే పడుతుంది.

కాగితం మీద మూడంగుళాలని రాసి ఉంటే రెండని చదువుకో. వాళ్లు చెప్పే కొలత పచ్చి, మెత్తటి కర్రకు. నీ కంచెలోని సుబాబుల్, మునగ ఇట్టే పోతాయి. చింత, తుమ్మ ఎండాక పెట్టి చూడు, మోటారు మూలుగుతుంది. అందుకే కొట్టిన వారంలోపే ముక్కలు చేసెయ్యాలి. సారపాక పేపర్ మిల్లు వైపు సుబాబుల్, జామాయిల్ లోడు లారీలు పోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు. కాగితం మిల్లుకు ముక్కలన్నీ ఇంచుమించు ఒకే కొలతలో ఉండాలి, లేకపోతే గుజ్జు సమంగా ఉడకదు. నీ మామిడి పాదుకు అంత పట్టింపు లేదు.

చూడాల్సింది మిషన్ కర్రను ఏం చేస్తుందన్నది. గిర్రున తిరిగే పళ్లేనికి బిగించిన బ్లేడు కొమ్మను చెక్కుతూ పోయేది ఒక రకం. సుత్తుల్లాంటి ఇనుప ముక్కలు చితక్కొట్టేది రెండో రకం, అది ఆకులకూ పుల్లలకూ బాగుంటుంది. నీకు మొదటిదే కావాలి. నేను మాత్రం "రెండూ చేస్తుంది సార్" అన్న మాట నమ్మి ఒకటి తెచ్చుకున్నాను. కొబ్బరి మట్ట పెట్టిన మొదటిరోజే పీచు ఇరుసుకు చుట్టుకుని బెల్టు కమిలిపోయింది. తర్వాత బ్లేడు మొద్దుబారింది. కొత్తది ఎక్కడినుంచో రావాలన్నారు, రాలేదు. కొట్టు పేరెందుకులే. కొమ్మలు పెట్టే తొట్టిలో కోడి పొదిగి పిల్లల్ని లేపుకుంది. ఆ లెక్కన డబ్బులు పూర్తిగా పోలేదనుకో.

అందుకని డబ్బు కట్టేముందు మూడు కొమ్మలు బండికి కట్టుకుని కొట్టుకు పో. ఒకటి పచ్చి మామిడి, ఒకటి ఎండిన వేప, ఇంకోటి కొమ్మలు చీలి వంకరగా ఉన్నది. తిన్నగా ఉన్న కర్రను ఏ మిషనైనా లాక్కుంటుంది, పరీక్ష వంకర కొమ్మ దగ్గరే. బ్లేడు విప్పి చూపించమను. ఇంకో జత అప్పుడే కొని తెచ్చుకో. సాన పట్టడం పాల్వంచలోనో కొత్తగూడెంలోనో కుదరాలి. బ్లేడ్లన్నీ సమానంగా అరగదియ్యాలి, ఒకటి బరువు తగ్గితే మిషన్ మొత్తం ఊగుతుంది.

కరెంటుదా, పెట్రోలుదా అన్నావు. ఇంటి కరెంటుతో మూడు హెచ్‌పీ మోటారు నడపాలంటే పదిహేను ఆంపియర్ల సాకెట్టు, లావుపాటి వైరు కావాలి. మీ ఇల్లేమో లైను చివర, సాయంత్రమైతే ఫ్యానే నీరసంగా తిరుగుతుంది. వోల్టేజీ పడినప్పుడు కొమ్మ ఇరుక్కుంటే వైండింగ్ కాలిపోతుంది. ఏడు హెచ్‌పీ పెట్రోలు ఇంజన్ గోల చేస్తుంది, నిజమే, కానీ చెట్టు దగ్గరికి తోసుకుపోవచ్చు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి, మీ బూర్గంపాడు మునిగినప్పుడు ఏమేం మోసుకుపోగలిగారో నీకే తెలుసు. చక్రాలున్నది తీసుకో.

నీ పని ఏడాదికి నాలుగు రోజులకు మించదు. పక్క తోటవాళ్లు ఇద్దరు కలిస్తే వాటా వేసుకోండి, బ్లేడు ఖర్చు ఎవరిదో మాత్రం ముందే తేల్చుకోండి.

పనిచేసేటప్పుడు మెడలో కండువా వద్దు, లుంగీ వద్దు. కంచె కొమ్మల్లో తీగె, మేకు లేవని చూసుకో. ఇరుక్కుంటే చెయ్యి పెట్టకు, ఆపాక కూడా లోపలి పళ్లెం కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ముక్కల్ని మట్టిలో కలపకు, నత్రజనిని లాగేసుకుంటాయి. పైన పరిచి, మొదలుకు జానెడు దూరం వదులు, చెదలు నీకు కొత్త కాదుగా. కొమ్మలు కత్తిరించడం వేరు, చెట్టు మొదలంటా నరకడం వేరు. రెండోదానికి వాల్టా చట్టం ఉంది, ముందు ఫారెస్టు ఆఫీసులో అడుగు. అడవి కొమ్మ ఒక్కటి కూడా నీ మిషన్ దగ్గర కనపడకూడదు.

కుప్పలు పెట్టాక ఫొటో పంపు. ఎర్రది కొనడం లేదని మీ అత్తయ్యకు నువ్వే చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య