వెయ్యి బీడీల నడుమ ఒక గంట

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లల్లో అమ్మలు లెక్కలో గట్టివాళ్లు. ఒళ్లో చాట, చేతిలో ఆకు, ఒక కన్ను పొయ్యి మీద. అయినా వెయ్యి బీడీల్లో ఎన్ని అయ్యాయో, ఇంకెన్ని చుట్టాలో అడిగిన వెంటనే చెప్తారు. సిరిసిల్లలో సాంచాల చప్పుడు నడుమ కండెలు చుట్టే ఆమె కూడా అంతే. అదే మనిషిని ‘నిన్న పగటి బువ్వ ఎన్నింటికి తిన్నవ్?’ అని అడిగితే తడుముకుంటుంది. అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పదాన్ని’ అనుకోమని చెప్పే పుస్తకాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ధైర్యం లెక్కతో మొదలవుతుందని నమ్ముతాను.

1. వారం రోజులు రాయండి

బీడీలు అప్పజెప్పినప్పుడు పుస్తకంలో రాయించుకుంటారు కదా. అట్లాగే పిల్లల పాత నోట్‌బుక్కులో మీ లెక్క రాయండి. ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు నడుం వాల్చారు, ఎంతసేపు ఊరకే కూర్చున్నారు. మూడే గడులు. రాయడం రాకపోతే బడికి పోయే బిడ్డతో రాయించండి. అమ్మ ఎప్పుడు తింటుందో బిడ్డకూ తెలిసొస్తుంది.

2. చాయ్‌తో ఆకలి చంపకండి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే వాకిట్లో కూర్చొని బీడీలు చుట్టే పదిమందిలో ఐదారుగురు. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం, ఊరికే చిరాకు... వీటిని మనం ‘నా గుణమే అంత’ అనుకొని వదిలేస్తాం. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఐరన్ గోలీలు రాసిస్తే చాయ్‌తో మింగొద్దు, చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఆ రెండింటి మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. పప్పులో ఇంత తోటకూర, పైన నిమ్మరసం. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది కాదు, వేడిగా ఉన్నప్పుడే మీ కంచంలో ముందుగా తీసిపెట్టుకున్నది.

3. చాట దించి లేవండి

తంబాకు దుమ్ములోని నికోటిన్ ముక్కులోంచే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. అందుకే తంబాకు ముట్టిన చేతితో బువ్వ కలపొద్దు, పాలు పట్టొద్దు. సబ్బుతో మోచేతుల దాకా కడగాలి. ముక్కుకు కొంగు అడ్డం కట్టుకోండి. బీడీలు చుట్టే అర్రలో ఉయ్యాల వద్దు. జాగా లేని ఇంట్లో ఇది కష్టమని తెలుసు, కనీసం కిటికీ దగ్గరికి జరపండి. నడుం వెనక గోడ, గోడకూ నడుముకూ మధ్య మెత్త. గంటకోసారి లేచి వాకిలి దాకా నడిచి రండి. ‘లేస్తే పని ఆగుతుంది’ అంటారు. నడుం పట్టేస్తే రెండు రోజులు ఆగుతుంది మరి.

4. అడగకండి, చెప్పండి

అన్నిట్లో కష్టమైన మెట్టు ఇదే. ఈ పక్క ఎన్నో ఇళ్లల్లో ఇంటాయన దుబాయ్‌లోనో సౌదీలోనో ఉంటాడు. ఫోన్‌లో పిల్లల చదువు, అత్తమ్మ గోలీలు, చిట్టీ పైసలు అన్నీ ముచ్చటకొస్తాయి. ‘నువ్వెట్లున్నవ్?’ అంటే మాత్రం ‘మంచిగనే ఉన్న’. ఈసారి ఒక్క మాట కలపండి: ‘నాకు నడుం నొస్తుంది, మంగళారం దవాఖానకు పోతున్న.’ పోవాలా అని అడగడం వద్దు, పోతున్నానని చెప్పడమే. అత్తమ్మతో కూడా అట్లనే: ‘అత్తమ్మా, సాయంత్రం ఐదింటి నుంచి గంటసేపు పిల్లగాడిని చూడు, నేను జర నడిచొస్త.’ మొదటి రోజు మూతి ముడుచుకోవచ్చు. నాలుగో రోజుకు ఆమే చెప్పులు అందిస్తుంది.

5. మీ పేరున ఉన్న కాగితాలు

బ్యాంకు ఖాతా మీ పేరున ఉందా? పీఎఫ్ లెక్కలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయా? ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత తిప్పలే. తోచిన రోజు కాదు, ఈ నెలలోనే చూసుకోండి. మహిళా సంఘం మీటింగులో సంతకం పెట్టి రావడమే కాకుండా ఒక ప్రశ్న అడగండి. వడ్డీ ఎంత పడుతుందన్నదైనా సరే. నలుగురిలో నోరు విప్పడం అక్కడ అలవాటైతే బడిలో సారుతో మాట్లాడటం తేలిక.

6. మనసు బరువెక్కితే

నిద్ర పట్టకపోయినా, కాన్పయ్యాక ఊరికే ఏడుపొస్తున్నా 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

7. మంగళవారం

ఆడవాళ్ల కోసమే మంగళవారం పరీక్షలు చేసే ఆరోగ్య మహిళ కార్యక్రమం 2023 మార్చి 8న మొదలైంది. మీకు దగ్గర్లో ఏ కేంద్రంలో చూస్తున్నారో ఆశా కార్యకర్తను అడగండి. రొమ్ములో గడ్డ, తెల్లబట్ట, నెలసరి తేడాలు... సిగ్గుపడి దాచిన ముచ్చటలన్నీ ఆ నోట్‌బుక్కు చివరి పేజీలో రాసుకొని పోండి, డాక్టరమ్మ ముందు మరిచిపోకుండా. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు, ఆధార్ వెంట పెట్టుకోండి. పక్కింటి వదినెను కూడా లేపండి. ఆమె కూడా ‘మంచిగనే ఉన్న’ అంటుంది.