నొప్పి లేదని మురిసిపోకు

గుడియాత్తం,
ఆదివారం పొద్దున.

నాయనా,

కాట్పాడి రోడ్డులో బండి జారి మోకాలు దోక్కుపోయిందనీ, కాఫీపొడి అద్ది గాలికి వదిలేశావనీ మీ అమ్మ చెప్పింది. ఫోనులో చెబితే "సరే తాతా" అని పెట్టేస్తావు. కాగితమైతే మోకాలి పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు.

ముందు ఆ కాఫీపొడి కడుగు. మన వీధిలో కాఫీపొడి, పసుపు, సున్నం, వెట్టుకాయపూండు ఆకు పసరు, ఎవరి చేతికి ఏది అందితే అది పుండు మీదికి వచ్చేస్తుంది. నేనూ పెట్టినవాణ్ణే. రక్తం ఆగినట్టే ఉంటుంది, దుమ్ము మాత్రం లోపలే ఉండిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, మోకాలు కొళాయి ధార కింద పెట్టి ఐదు నిమిషాలు ఓపికపట్టు. పొడిని గోకొద్దు, నానితే అదే ఊడుతుంది. ఇసుక, తారు పలుకులు ఇరుక్కుని రాకపోతే ఆస్పత్రిలో తీయించు. వదిలేస్తే వాటి మీదే తోలు మూసుకుని పచ్చబొట్టులా నల్లమచ్చ మిగులుతుంది. స్పిరిట్టు పోసుకుని పళ్ళు బిగబట్టడం మగతనమేమీ కాదు. కొత్తగా వచ్చే తోలుకు అది చేటు.

తర్వాత పల్చగా వాసిలిన్ రాసి శుభ్రమైన బ్యాండేజీ గుడ్డతో కప్పు, రోజూ మార్చు. (మన మగ్గం మీద నేసిందే అయినా సరే, లుంగీ అంచు చింపి కట్టొద్దు.) పక్కు కట్టి ఆరితేనే మానుతుందని నేనూ అనుకునేవాణ్ణి. తేమగా కప్పి ఉంచితే దాదాపు రెట్టింపు వేగంగా తోలు వస్తుందని జార్జ్ వింటర్ అనే ఆయన 1962లోనే పందుల మీద చూపించాడట.

ధనుర్వాతం సూది నీకు 16వ ఏట వేయించాం. రోడ్డు మన్ను పట్టిన గాయానికి, సూది వేసి ఐదేళ్ళు దాటి ఉంటే మళ్ళీ వేయించుకోవాలి. నీకిప్పుడు 22. లెక్క నువ్వే చూసుకో.

మొదటి రెండు రోజులు మంట, అంచున కొంచెం ఎరుపు, పల్చటి నీరు మామూలే. ఆ తర్వాత నొప్పి రోజురోజుకీ దిగాలి. దిగాల్సింది పెరిగి సలపడం మొదలైతే నమ్మొద్దు. ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీయి. తెల్లారేసరికి ఎరుపు గీత దాటినా, చెయ్యి పెడితే కాలుతున్నా, చీము పట్టినా, గజ్జల్లో బిళ్ళ కట్టినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పో. చలిజ్వరం వచ్చినా, పుండు నుంచి ఎర్రటి చార తొడ మీదికి పాకినా, మోకాలు వంచలేకపోయినా అర్ధరాత్రి అని చూడొద్దు. ఐడా స్కడర్ అనే డాక్టరమ్మ 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆస్పత్రికి ఎక్కడెక్కడివాళ్ళో రైలెక్కి వస్తారు. ఆ వేలూరులోనే ఉండి నువ్వు మందుల షాపులో నాలుగు మాత్రలు అడిగి మింగితే నాకు కోపం వస్తుంది.

"నొప్పేం లేదులే" అన్నావట. ఆ మాటకే ఈ ఉత్తరం. గుంత మగ్గంలో తొక్కుడుచెక్క రాసుకుని నా కుడికాలి చిటికెనవేలు గీరుకుపోయినప్పుడు నాకూ నొప్పి లేదు. షుగరు నరాలను మొద్దుబార్చేసింది. గచ్చు మీద తడి అడుగులు చూసి మీ అవ్వ అడిగేదాకా తెలియలేదు. అప్పటికే ఎముకదాకా పోయింది, వేలు తీసేశారు.

కట్టు కట్టే డాక్టరమ్మ అప్పుడు పాల్ బ్రాండ్ సంగతి చెప్పింది. 1946లో వేలూరికి వచ్చి కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసిన డాక్టరాయన. ఒకనాడు తుప్పు పట్టిన తాళం తనకు తిరగకపోతే, ఓ రోగి, చిన్న పిల్లవాడు, టక్కున తిప్పేశాడట. ఏం బలంరా అని చూస్తే, వాడి వేలు ఎముకదాకా తెగి రక్తం కారుతోంది. వాడికి తెలియనే లేదు. వేళ్ళను తినేసేది రోగం కాదు, నొప్పి తెలియక తగిలించుకున్న దెబ్బలూ పుండ్లూ అని బ్రాండ్ పట్టుబట్టి చెప్పాడు. 1955లో కాట్పాడి దగ్గర కరిగిరిలో కుష్ఠు ఆస్పత్రి వెలిసింది. ఆ పేరు నువ్వు బస్సుల మీద చూసే ఉంటావు.

నీ మోకాలు నీతో మాట్లాడుతుంది, విను. నా పాదం మాట్లాడదు, అందుకే రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాలు చూసుకుంటాను. మీ అవ్వకు ఈ మధ్య చూపు ఆనడం లేదు. గంగమ్మ సిరసు పండగకు వచ్చినప్పుడు ఆ అద్దం నువ్వు పట్టుకో.

ఇట్లు,
తాత