అమృత విలాస్ లెక్కలు

జహీరాబాద్ దగ్గర చిరాగ్‌పల్లిలో ముంబై హైవే మీద హోటల్ నడిపి ముసలివాణ్ణయ్యాను. ఇప్పుడు మనవడు టిఫిన్ సెంటర్ పెడతానంటున్నాడు. ఖాళీ దొరికితే ఫోన్లో ‘అమృతం’ చూస్తాడు. వాడు పుట్టక ముందటి సీరియల్ అది. ఇంకా ఎందుకు నవ్విస్తుందో హోటల్ వాడిగా నాకు తోచినంత చెబుతున్నా, విను బిడ్డా.

1. కిరాయి భయం పాతబడదు. గుణ్ణం గంగరాజు తలపెట్టిన ఈ సీరియల్ 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలైంది. అమృతం, ఆంజనేయులు కలిసి నడిపే హోటల్ అమృత విలాస్. ఇద్దరూ మరీ పేదలు కారు, ఉన్నోళ్లూ కారు. ఇంటి ఓనర్ అప్పాజీ కనబడితే చాలు, గుండెలు జారిపోతాయి. చూసేవాళ్లకు అది కామెడీ, మాకు ఒకటో తారీఖు. మా ఊరి బార్డర్ చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరినన్నాళ్లు చాయ్, రొట్టె బాగానే పోయేవి. 2017 జులైలో జీఎస్టీ వచ్చింది, పన్నుల తనిఖీ పోయింది, ఆగే లారీలు తగ్గాయి. కిరాయి తగ్గలేదు. అప్పుడు చూడాలి, హోటల్ వాళ్లందరికీ డబ్బు కోసం రోజుకో ఉపాయం పన్నే అమృతం బుర్రే వచ్చింది. ఒకాయన పాన్ డబ్బా తగిలించాడు, ఇంకొకాయన పంక్చర్ షాపు పెట్టాడు. జహీరాబాద్ చుట్టూ చెరుకే కదా అని నేను రసం మిషన్ తెచ్చాను. చుట్టూ చెరుకే ఉన్నచోట రసం ఎవరు కొంటారని మీ నానమ్మ అడిగింది. ఆ మాట ఆంజనేయులు అనాల్సింది.

2. గల్లా మీద మనిషి మారినా వంట మారొద్దు. అమృతం వేషం మొదట శివాజీ రాజా వేశాడు, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. అయినా జనం లేచి వెళ్లిపోలేదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ, సర్వర్ సర్వంగా వాసు ఇంటూరి ఉన్నారు కాబట్టి. హనుమంతరావు 2018లో పోయాడు. 2020లో ‘అమృతం ద్వితీయం’ వస్తే ఆ వేషం ఎల్.బి. శ్రీరామ్ వేశాడు. గొప్ప నటుడే, కానీ నాకు పప్పులో ఉప్పు తగ్గినట్టే అనిపించింది.

3. ఏ రోజు లెక్క ఆ రోజే తేలాలి. మొత్తం 313 ఎపిసోడ్లు. ఎక్కడ మొదలుపెట్టినా చాలావరకు అర్థమవుతుంది. చాయ్ గ్లాసు పట్టుకుని డ్రైవర్ యూట్యూబ్‌లో కొంచెం చూసి, నవ్వి, బండెక్కుతాడు. ఏడుపు సీరియల్ అయితే అత్త నిరుడు వేసిన ఎత్తు కూడా గుర్తుండాలి. ఇంగ్లాండు హోటల్ కామెడీ ‘ఫాల్టీ టవర్స్’లోనూ ఏ ఎపిసోడ్ కథ ఆ ఎపిసోడ్‌దే. అది 12 ఎపిసోడ్లే, యాభై ఏళ్లవుతున్నా చూస్తున్నారట.

4. బ్రాంచి పెట్టే ముందు ఆలోచించు. 2014లో ‘చందమామలో అమృతం’ సినిమా తీసి హోటల్‌ను చంద్రుడి మీదికి ఎక్కించారు. ఆదివారం రాత్రి ఇంట్లో కూర్చుని సీరియల్ చూసినప్పటి రుచి నాకైతే రాలేదు.

5. సర్వర్‌ను తక్కువ చూడకు. యజమానుల గుట్టంతా సర్వానికి తెలుసు. ప్రతి హోటల్లోనూ అంతే. జీతం పెంచమని అడగాలనుకున్న రోజు మా సర్వర్ పిల్లగాడు నోరు విప్పేవాడు కాదు. సర్వం ఉన్న ఎపిసోడ్ ఒకటి పెట్టి, సౌండ్ పెంచి, ఫోన్‌ను నా గల్లా పెట్టెకు ఆనించి నీళ్లు తేవడానికి పోయేవాడు.