నాయనమ్మ గోలీ: రక్తం నిజంగా పల్చబడుతుందా?

పోయిన నెల ఇంటికి వెళ్లినప్పుడు నాయనమ్మ గోలీల డబ్బా చూశాను. నాలుగు గోలీలు వేసుకోకుండా మిగిలిపోయాయి. అడిగితే, "నాకు అసలే రక్తం తక్కువున్నదన్నరు బిడ్డా. ఉన్నదాన్ని పల్చగ చేసే గోలీ మళ్ల ఎందుకు?" అంది. తప్పు ఆమెది కాదు. బ్లడ్ థిన్నర్ అనే మాటను "రక్తం పల్చబడే గోలీ" అని తెలుగు చేసింది మేమే. నేను సీఎస్‌ఈ స్టూడెంట్‌ని, టెన్త్ తర్వాత బయాలజీ ముట్టలేదు. ఆమెకు చెప్పడానికి చదువుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

ముందు అసలు విషయం. ఈ గోలీలతో రక్తం నీళ్లలా అవ్వదు. గడ్డకట్టే గుణం తగ్గుతుంది, అంతే.

మన మెదక్ వాళ్లకి చెరువు ఉదాహరణ చాలు. కట్టకు గండి పడితే ముందు ఇసుక బస్తాలు వేస్తారు. అవి కొట్టుకుపోకుండా పైన వల బిగించారనుకోండి. వేలికి సూది గుచ్చుకుంటే జరిగేది ఇదే. సన్నని రక్తనాళం ముడుచుకుంటుంది. ప్లేట్‌లెట్లు చిల్లు దగ్గర అతుక్కుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇవి బస్తాలు. మైక్రోలీటరు రక్తంలో 1.5 నుంచి 4.5 లక్షలు ఉంటాయి. ఆలోపే రక్తంలోని ప్రోటీన్లు ఒకదాని వెంట ఒకటి ఆన్ అయి, ఫైబ్రిన్ దారాలు అల్లుతాయి. ఇది వల.

ఆస్పిరిన్ బస్తాలను అడ్డుకుంటుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గదు, ఒకదాన్నొకటి పిలుచుకునే సిగ్నల్ ఆగుతుంది. ప్లేట్‌లెట్ బతికే 7–10 రోజులూ అంతే. అందుకే షేవింగ్ గాటు తొందరగా ఆగదు.

వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి వలను అడ్డుకుంటాయి. 2, 7, 9, 10 నంబర్ల ప్రోటీన్లు లివర్‌లో సరిగ్గా తయారవ్వాలంటే విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్ కెని లివర్ మళ్లీ వాడుకోకుండా ఈ మందులు ఆపుతాయి. ప్లేట్‌లెట్లు వస్తాయి కానీ వల బలంగా ఉండదు. చిన్న దెబ్బకే చర్మం కింద కమిలిన మచ్చలు అందుకే.

వల పూర్తిగా పోతే ఏమవుతుందో మన పొలాల్లో రక్తపింజర చూపిస్తుంది. దాని విషం గడ్డకట్టే ప్రోటీన్లను ఒక్కసారిగా ఆన్ చేసి ఖర్చు చేసేస్తుంది. అందుకే పాము కాటుకు ఆసుపత్రిలో కొంచెం రక్తం గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే.

గోలీ చేసేది అది కాదు, కొలత ప్రకారం తగ్గించడం. నాయనమ్మ గుండె లయ తప్పింది. పై గదిలో రక్తం నిలిచి గడ్డకట్టి, ముక్క మెదడుకి పోతే పక్షవాతం. అందుకే ఐఎన్‌ఆర్ టెస్టు 2–3 మధ్య ఉండాలన్నారు. అంతకన్నా తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం.

డాక్టరుకి ఫోన్ చేశాం. మానేసినవన్నీ ఒకేసారి వేయొద్దన్నారు. పాలకూర, తోటకూర మానక్కర్లేదు, కానీ వాటిలో విటమిన్ కె ఎక్కువ కాబట్టి ఎప్పుడూ ఒకే లెక్కలో తినాలి. నొప్పి గోలీలు అడగకుండా కొనొద్దు. మలం నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఇప్పుడు మా ఇంట్లో దాని పేరు "గడ్డకట్టనియ్యని గోలీ". నాయనమ్మ రోజూ వేసుకుని క్యాలెండర్‌లో గీత పెడుతోంది. మీ ఇంట్లోనూ ఒకసారి డబ్బా తెరిచి చూడండి.