ఋతువునకు తగిన కూరలు - వానిని వండు విధము

నల్లజర్ల మెట్టనేలలలో నేడు వర్జీనియా పొగాకు, మొక్కజొన్న, కొబ్బరి, కోకో, ఆయిల్‌పామ్ పంటలు విరివిగా గలవు. ఇవి రొక్కము తెచ్చు పంటలు. వీనిని నిందింప నవసరము లేదు. కాని పది యెకరముల తోట గల రైతు గృహమున సైతము తోటకూర కట్టను కొని తెచ్చి వండుట సామాన్యమైపోయినది. ఆ కట్ట యెక్కడనో నిన్నటి సాయంకాలమున కోయబడి, రాత్రి బండిలో ప్రయాణము చేసి, తాడేపల్లిగూడెము బజారున తెల్లవారుజామున చేతులు మారి, ప్రొద్దెక్కిన పిమ్మట మన వంటింటికి చేరును. పట్టణవాసికి వేరు గతి లేదు. నేల, నీరు, పెరడు గల రైతునకు గతి గలదు గనుకనే యీ విషయమును వ్రాయుచున్నాను.

2022 ఏప్రిల్ నెలలో జిల్లాలు విభజింపబడినప్పుడు నల్లజర్ల తూర్పు గోదావరికిని, తాడేపల్లిగూడెము పశ్చిమ గోదావరికిని, కొల్లేటి గ్రామములలో పెక్కు ఏలూరు జిల్లాకును చేరినవి. కచేరీలు వేరైనను వంటిండ్లు వేరు కాలేదు. ఈ మూడుచోట్లను వండు కూరలు ఒక్కటే. చేయు పొరపాట్లును ఒక్కటే.

ఆకు కోసినంతనే చచ్చిపోదు. కోసిన పిమ్మటను అది ఊపిరి పీల్చుచునే యుండును. తనలోని నీటిని విడుచును. తాను కూడబెట్టుకొన్న సత్తువను తానే తినివేయును. వాడిన ఆకులో త్వరగా తరిగిపోవునది సి జీవసత్త్వము. కోసి యెండలో నుంచిన మునగాకు ఒక్క పూటలో ఎట్లు సొమ్మసిల్లునో చూచినవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆకులలో నుండు మఱియొక సత్త్వమును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన దాని చరిత్రలో మన గోదావరి మండలపు మనిషి యొకడు గలడు. దాని పేరు ఫోలిక్ ఆమ్లము. లాటిను భాషలో ఫోలియమ్ అనగా ఆకు. 1941లో అమెరికాదేశమున టెక్సాసు విశ్వవిద్యాలయమువారు నాలుగు టన్నుల పాలకూరనుండి ఇసుమంత పదార్థమును వేరుచేసి దాని కీ పేరిడిరి. అంతకు పది సంవత్సరములకు ముందే, 1931లో, లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీలకు వచ్చు ఒక విధమైన రక్తహీనత ఈస్టు సారముతో కుదురుచున్నదని ప్రకటించియుండెను. ఆ ఈస్టులో నున్నదియు, ఆకులో నున్నదియు ఒక్కటే యని పిమ్మట తేలినది. దానిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును 1945లో లెడర్లే సంస్థవారు కనిపెట్టిరి. ఆ పరిశోధక బృందమునకు నాయకులు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరులు స్ప్రూ అను గ్రహణి రోగమునకు బలియైరి. తామును ఆ రోగమున పడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే తేరుకొనిరి. తుదకు స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లమే మందైనది. సుబ్బారావుగారు 1948లో న్యూయార్కున మరణించిరి.

ఇది యంతయు పాతకథ యని త్రోసివేయరాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత యున్నట్లు తేలినది. రక్తహీనతకు ఇనుము లోపించుట ముఖ్యకారణము. ఫోలిక్ ఆమ్లము లోపించుట మఱియొక కారణము. ఇంకొక సంగతి కలదు. గర్భము నిలిచిన మొదటి నాలుగు వారములలోనే బిడ్డ వెన్నుపాము రూపు దాల్చును. అప్పటికి పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలియను కూడ తెలియదు. ఆ దినములలో ఫోలిక్ ఆమ్లము చాలినంత యున్నచో బిడ్డకు వెన్ను లోపములు రాకుండ చాలవరకు కాపాడవచ్చునని 1991లో ఇంగ్లాండు వైద్య పరిశోధక మండలివారు నిరూపించిరి. ఆకుకూర మాత్రకు బదులు కాదు. ఆరోగ్యకేంద్రమున నిచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను వైద్యులు చెప్పినట్లు మ్రింగవలసినదే. అయినను మాత్ర చేతికి రాకమునుపటి దినములకు ఇంటి కూడే దిక్కు గదా.

ఇక వంట. ఫోలిక్ ఆమ్లమునకును, సి జీవసత్త్వమునకును రెండు శత్రువులు: వేడి, నీరు. రెండును నీటిలో కరగును. రెండును ఎక్కువసేపు ఉడికినచో నశించును. కనుక ఆకును నీళ్లలో బాగుగా ఉడికించి, వార్చి, పిండి, ఆ పిప్పిని పోపు పెట్టుకొని తినువాడు కూర తిన్నానని అనుకొనుటయే గాని, సత్తువలో మంచిభాగము జాలాడిపాలైనది. ఆకును కడిగి తరుగవలెను, తరిగి కడుగరాదు. మిక్కిలి సన్నగా తరుగ నక్కరలేదు. కొద్ది నీరు మరిగిన పిదప ఆకు వేసి, మూతపెట్టి, మెత్తబడినంతనే దింపవలెను. రంగు నిలుచుటకై వంటసోడా వేయుట కొందరికి అలవాటు. రంగు నిలుచును, బి1, సి జీవసత్త్వములు పోవును.

మన పెద్దలు ఈ శాస్త్రమును చదువకపోయినను వారి వంటలు దీనికి చక్కగా సరిపోవుచున్నవి. తోటకూర పప్పులో ఆకు వదలిన నీరు పప్పులోనే యుండును. పులుసులోను అంతే, ఇగురులో నీరు మిగులనే మిగులదు. వార్చి పిండు అలవాటు మనకు ఎక్కడనుండి వచ్చినదో గాని, దానిని మానవలెను. దీనికి మినహాయింపులు లేకపోలేదు. చేమ ఆకు గొంతు దురద పుట్టించును గనుక దానిని బాగుగా ఉడికించి చింతపండు పులుసుతో వండుటయే మంచిది. గోంగూర, చుక్కకూర, పాలకూరలలో ఆక్సాలికామ్లము హెచ్చు. మూత్రపిండములలో రాళ్లున్నవారు వైద్యుని అడిగి తినవలెను.

కూరలో చెంచాడు నూనె వేయుట వ్యర్థము కాదు. ముదురు ఆకుపచ్చని ఆకులలోను, గుమ్మడిపండులోను, మామిడిపండులోను కెరోటిను అను వర్ణపదార్థమున్నది. అది శరీరములో ఏ జీవసత్త్వముగా మారి కంటికి పనికివచ్చును. అది లోపించిన పిల్లలకు రేచీకటి కలుగును. ఆ కెరోటిను నీటిలో కరుగదు, నూనెలో కరుగును. ఆకులోని ఇనుము మాత్రము రక్తములోనికి సులభముగా చేరదు. భోజనములో నిమ్మరసము గాని, ఉసిరికాయ గాని, పచ్చి మామిడికాయ గాని యున్నచో మెరుగుగా చేరును. భోజనము కాగానే టీ త్రాగినచో ఆ చేరునదియు తగ్గును. అన్నము తిని చేయి కడుగగానే టీకొట్టు దారిపట్టు మన మగవారు దీనిని గమనింతురుగాక.

నీటి మాట వచ్చినది గనుక అన్నపు సంగతియు చెప్పవలెను. ఉత్తర సర్కారుల తీరమున పూర్వము బెరిబెరి వ్యాధి ప్రబలియుండెడిది. తెల్లగా మరపట్టిన పచ్చిబియ్యమును పలుమార్లు కడిగి, వండి, గంజి వార్చి తినుటచే బి1 జీవసత్త్వము లోపించి అది కలిగెడిది. ఈ వ్యాధిని పరిశోధించుటకై మెకారిసన్ దొర కూనూరులో 1918లో ప్రారంభించిన చిన్న ప్రయోగశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. ఇప్పుడా వ్యాధి అరుదు. ఐనను బియ్యమును ఒకటి రెండుమార్లు మాత్రమే కడిగి అత్తెసరు పెట్టుట అన్నివిధముల మేలు. గంజి వార్చు ఇండ్లలో ఆ గంజిని ఉప్పు, మజ్జిగ కలిపి త్రాగుడు. తరవాణి పెట్టుకొనెడివారి నెవ్వరును పరిహసింప పనిలేదు.

ఏ కాలమునకు ఏ కూర యను విషయమున మన పంచాంగమే మంచి గురువు. ఆషాఢమున మునగాకు తినవలెనని మనలో ఆచారమున్నది. తొలకరి జల్లులకు మునగ కొత్తచిగురు వేయును. అప్పుడు పెరటి పాదులింకను కాపునకు రావు. చెట్టు ఇచ్చునది తినుమనుటలో అర్థమున్నది. శ్రావణ భాద్రపదములలో బీర, పొట్ల, ఆనప, కాకర పందిళ్లు నిండును. గోంగూర విరివిగా దొరకును. కార్తీకమునకు ఉసిరి, కంద, బచ్చలి. ధనుర్మాసమునుండి చిక్కుడు, వంగ, కొత్తిమిర, మెంతికూర, సంక్రాంతికి గుమ్మడి, చిలగడదుంప, మెట్టలో తేగలు. మాఘ ఫాల్గుణములలో లేత పనసకాయ పొట్టుకూరకు వచ్చును. ఎండలు ముదిరిన పిమ్మట దోస, మామిడి, ముంజలు. వైశాఖములో ఆకుకూరలు తక్కువ యనెడివారు గంగపాయల కూరను చూడకయే త్రొక్కిపోవుచున్నారు. అది విత్తకయే మొలచును. పప్పులో కమ్మగా నుండును.

చేపలు తినువారు కొల్లేటి పరిగెల వంటి చిన్నచేపలను నిర్లక్ష్యము చేయరాదు. పెద్ద బొచ్చెచేప ముక్కలో ఎముకను పారవేయుదుము. చిన్నచేపను ఎముకతో నమలుదుము గనుక దానిలోని సున్నము మనకు దక్కును. ధరయు తక్కువ.

పెరటి విషయమున ఎక్కువ వ్రాయను. విత్తుట రైతునకు నేర్పనక్కరలేదు. ఒక్క సెంటు నేల చాలును. ఆ సెంటునంతయు ఒక్కదినమున విత్తుటయే తప్పు. తోటకూర 25, 30 దినములకు కోతకు వచ్చును. ఒక్కసారి విత్తినచో ఒక్కసారియే కూర, పిమ్మట ముదురు. నాలుగు మడులు చేసి, వారమున కొక మడి చొప్పున, విత్తనమును ఇసుకతో కలిపి చల్లినచో ఏడాది పొడుగున లేత ఆకు లభించును. గట్టున ఒక మునగ, కరివేపాకు, పందిరికి రెండు బచ్చలి తీగలు. పెరటికి నీరుపెట్టుట ఆడవారి పని యని తలచు ఇండ్లలో పెరడు ఎండును. ఇది నేను పెక్కు గ్రామములలో చూచిన సంగతి.

పొగాకు చేనికి మందు కొట్టునప్పుడు గాలి యెటు వీచుచున్నదో చూచుకొనవలెను. ఆ మందు ఆకుకూరపై పడినచో ఆ ఆకును ఇంటికి తేరాదు. కూరమడులలో పురుగు కనబడినచో అర్ధకిలో వేపగింజల పప్పును నలుగగొట్టి, రాత్రి నీటిలో నానబెట్టి, ఉదయమున వడగట్టి, మొత్తము పది లీటర్లు చేసి సాయంకాలమున చల్లిన చాలును.

మిగిలిన కూరను అమ్మదలచిన సభ్యుల కొక సూచన. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు విద్యుత్తుతో పనిలేని చల్లని గది నొకదానిని రూపొందించిరి. ఇటుకతో రెండు గోడలు, నడుమ మూడంగుళముల ఎడము, ఆ యెడములో ఏటి ఇసుక. ఉదయము సాయంకాలము ఇసుకను తడుపవలెను. పైన తడి గోనెతో కప్పు. నీరు ఆవిరియగునప్పుడు లోపల చల్లబడును. పొడిగాలి వీచు ఫాల్గుణ చైత్రములలో ఇది మన మెట్టలో బాగుగా పనిచేయును. శ్రావణపు తడిగాలిలో అంతగా చేయదు. సంఘపు గోడౌను ప్రక్క నీడలో నొకటి కట్టుకొన్నచో సాయంకాలమున కోసిన కట్టలు మరునాటి బేరమువరకు వాడకుండును. ఖర్చు ఇటుక, ఇసుకలదే.

చివరకు ఒక వంట. కార్తీకమున కందాబచ్చలి వండనివారు మన సీమలో అరుదు. కాని పట్నపు హోటళ్లలో తిన్నవారు అదియే కందాబచ్చలి యనుకొనుచున్నారు. అర్ధకిలో కందను చేతికి నూనె రాసుకొని చెక్కుతీసి, చిన్న ముక్కలుగా కోసి, పసుపు వేసి కొద్ది నీటిలో ఉడికింపవలెను. కంద సగము ఉడికిన పిదప రెండు గుప్పెళ్ల బచ్చలి ఆకును, లేత కాడలతోసహా, వేయవలెను. ముందుగా వేసినచో జిగటయే మిగులును. కంద మెత్తబడగానే నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, పచ్చిమిరపకాయలు చేర్చి, నీరు ఇగురువరకుంచి, మెదుపవలెను. శనగపప్పు, మినపపప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకులతో పోపు. ఆవాలు రెండు చెంచాలు నీటితో నూరి, కూర దింపి చల్లారిన తరువాతనే కలుపవలెను. పొయ్యిమీద నుండగా కలిపినచో ఆవ ఘాటు పోయి చేదు మిగులును.