సొంత సైన్యమే పేగుపై తిరగబడితే?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. క్రోన్స్ జబ్బు అన్నారు. తన రోగనిరోధక శక్తే పేగును దెబ్బతీస్తోందట. ఎందుకలా? మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రాశారు. అరటికాయ కూర పెట్టొచ్చా?
– ఓ తల్లి, రావులపాలెం

జవాబు: అమ్మా, పేగులో కోటానుకోట్ల బ్యాక్టీరియా కాపురముంటాయి. వాటికీ మనకూ మధ్య అడ్డుగా ఉండేది జిగురు పొర, దాని కింద ఒకే వరస కణాల గోడ. గోడ వెనక కాపలా కాసే రోగనిరోధక కణాలను ‘టి-రెగ్’ కణాలు అదుపులో ఉంచుతాయి. పీచును పులియబెట్టి బ్యాక్టీరియా తయారుచేసే బ్యుటిరేట్ వీటికి దన్ను. క్రోన్స్ ఉన్న చాలామందిలో బ్యుటిరేట్‌నిచ్చే ఫీకలిబ్యాక్టీరియం తగ్గిపోతుంది. గోడ సడలి బ్యాక్టీరియా లోపలికి చొరబడతాయి. వాటి మీదికి ఎగబడిన రోగనిరోధక కణాలు టీఎన్‌ఎఫ్ వంటి రసాయనాలు కుమ్మరిస్తాయి. ఆ దెబ్బకు పేగే పుండుపడుతుంది. జన్యువుల పాత్రా ఉంటుంది.

మెథోట్రెక్సేట్ ఈ ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. దాన్ని వారానికి ఒక్కసారే వేయాలి, పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. దాని దుష్ప్రభావాలు తగ్గడానికే ఫోలిక్ యాసిడ్. ఈ రెండు మందుల వెనకా మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన బృందం కృషి ఉంది.

మీ ఊరి అరటికాయలోని అరగని పిండిపదార్థం బ్యుటిరేట్‌కు ముడిసరుకే. జబ్బు అదుపులో ఉంటే మెత్తగా ఉడికించి, కారం తగ్గించి కొద్దికొద్దిగా పెట్టండి. జబ్బు ముదిరినప్పుడు, పేగు సన్నబడిందని స్కాన్‌లో తేలినప్పుడు డాక్టర్‌ని అడగందే పీచు పెంచొద్దు. కూర మందుకు బదులు కాదు. జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.